తెగిన ఎర్ర గీత

“దాన్ని ముట్టుకున్నారంటే మీ మీద కూడా కేసు రాస్తా!”

ఇన్‌స్పెక్టర్ అరుపుకి గేటు మీద వాలిన పావురాలు లేచిపోయాయి. కాలిన కుర్చీ ముందు గొంతుక్కూర్చున్న డిటెక్టివ్ మాత్రం లేవలేదు. రెండు చేతులూ వీపు వెనక కట్టుకునే ఉన్నాడు. ముక్కు మాత్రం బ్యాటరీ పెట్టెకి జానెడు దూరంలో ఉంది.

“చూపుకి కూడా సెక్షనుందా సార్?” అన్నాడు తల తిప్పకుండా.

అతన్ని ఊరంతా నిదానం అనే పిలుస్తుంది. బళ్ళో లెక్కల మాష్టారు పెట్టిన పేరది. క్లాసంతా లెక్క ముగించి ఆటకి పోయాక కూడా ఇతను మొదటి మెట్టే సరిచూసుకుంటూ కూర్చునేవాడు. నూటికి నలభై కంటే ఎప్పుడూ రాలేదు. కానీ ఆ నలభై మార్కుల లెక్కల్లో కొట్టివేత ఒక్కటీ ఉండేది కాదు. యాభై రెండేళ్ళు వచ్చినా వేగం పెరగలేదు, పేరు పోలేదు. ఆ రెండిట్లో దేని గురించీ అతనికి బెంగ లేదు.

ఇన్‌స్పెక్టర్ సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. స్టేషన్లో ఆయన్ని మెరుపు అంటారు. కేసు చేతికందిన ఇరవై నాలుగు గంటల్లో ఎవరో ఒకరు జీపెక్కాల్సిందే. ఎక్కినవాళ్ళలో సగం మంది నిజంగా నేరస్తులే కావడంతో ఆయనకి ఆ అలవాటు మీద నమ్మకం కుదిరిపోయింది.

కేసు చిన్నదే. మూడంతస్తుల ఇంటి సముదాయంలో కింది వాటా ఆ లెక్కల మాష్టారిదే. ఆయన కాళ్ళు పడిపోయి తొమ్మిదేళ్ళు. మోటారు కుర్చీలోనే తిరుగుతారు. సోమవారం మధ్యాహ్నం మెకానిక్ వచ్చి ఆ కుర్చీకి రెండు కొత్త బ్యాటరీలు వేసి వెళ్ళింది. మంగళవారం ఉదయం తొమ్మిదీ నలభైకి మాష్టారు గేటు వైపు ర్యాంపు దిగుతుండగా సీటు కింద నుంచి పొగ లేచింది. కుర్చీ పక్కకి ఒరిగి ఆయన్ని కింద పడేసింది. ఎడమ మణికట్టు విరిగింది. బుధవారం ఉదయం, అంటే ఇప్పుడు, పదీ యాభై అయింది. పన్నెండింటికి గేటు బయట ఆగి ఉన్న జీపు స్టేషన్‌కి బయల్దేరుతుంది. బయల్దేరేటప్పుడు మెకానిక్ అందులో ఉంటుంది.

ఆవిడ వరండాలో ఒక స్టూలు మీద కూర్చుని ఉంది. నలభై ఏళ్ళ మనిషి, మోచేతుల దాకా మడిచిన చొక్కా. చుట్టుపక్కల ఏ మోటారు కుర్చీ ఆగిపోయినా ఫోను ఆవిడకే వెళ్తుంది. బ్యాటరీ అక్క అంటారు. ఆవిడ పనిముట్ల పెట్టె ఎదుటి బల్ల మీద లక్క ముద్ర వేసి ఉంది. ఆవిడ చూపంతా ఆ ముద్ర మీదే ఉంది.

“ఏం తేల్చాలని వచ్చారు?” ఇన్‌స్పెక్టర్ అడిగాడు. “పెట్టెలో ఒక బ్యాటరీ కొత్తది, ఒకటి పాతది. రెండూ కొత్తవని చెప్పి ఒకటే వేసింది. అదీ వదులుగా బిగించింది. పాతది ఉబ్బింది, వైరు కాలింది, పెద్దాయన పడ్డాడు. ఇంకేం కావాలి?”

“మాష్టారు ఫిర్యాదు ఇవ్వలేదట కదా.”

“ఇవ్వకపోతే? నేనే రాశాను.”

“కందకి లేని దురద కత్తిపీటకెందుకు సార్?”

“ఆలస్యం అమృతం విషం నిదానం గారూ. మీరు ఇక్కడ వంగి చూస్తుండగా ఈవిడ ఇంకో నాలుగు కుర్చీలు తగలబెడుతుంది. లైసెన్సు రద్దు చెయ్యమని పొద్దున్నే రాసేశాను.”

బ్యాటరీ అక్క అప్పుడు నోరు విప్పింది. “నా లైసెన్సు పోతే పోనివ్వండి సార్. నలభై మూడు కుర్చీలున్నాయి నా చేతి కింద. ఆగిపోతే వాళ్ళంతా మంచాల మీదే ఉంటారు. వాళ్ళకేం చెప్పమంటారు?”

ఇన్‌స్పెక్టర్ మొహం తిప్పుకున్నాడు. నిదానానికి ఆవిడ మీద జాలి కంటే ముందు గౌరవం కలిగింది. తన గురించి చెప్పుకోవాల్సిన చోట ఊళ్ళోవాళ్ళ గురించి అడిగే మనిషి అబద్ధమాడదని కాదు గానీ, ఆడితే అంత తేలిగ్గా ఆడదు. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

“సోమవారం ఎన్నింటికి వచ్చావమ్మా?”

“రెండున్నరకి. నాలుగూ పదికి వెళ్ళాను.”

“గంటా నలభై నిమిషాలా? రెండు బ్యాటరీలకా?”

“ఈ మాట మీరడుగుతున్నారా?”

అంత బాధలోనూ ఆవిడకి నవ్వొచ్చింది. నిదానం కూడా హాయిగా నవ్వాడు. తనలాంటి వాళ్ళు లోకంలో ఇంకొకరున్నారని తెలిస్తే ఎవరికైనా సంతోషమే.

“సరే, మొదటి మెట్టు నుంచి చెప్పు. ఏదీ వదలకు.”

“ముందు ఉంగరం, వాచీ, మెళ్ళో గొలుసు తీసి డబ్బాలో పడేస్తాను. ఒంటి మీద ఇనుప ముక్క ఉండకూడదు. కుర్చీ స్విచ్చి ఆపుతాను, చార్జరు పీకుతాను. మూత తీసి వైర్లు ఎటువి అటు ఫోటో తీసుకుంటాను. తరవాత మైనస్ విప్పి దాని కొసకి టేపు చుడతాను. ఆ తరవాతే ప్లస్. బ్యాటరీ పదహారు కిలోలుంటుంది, పట్టీ వేసి నిటారుగా ఎత్తుతాను, వంచను. కొత్తవాటి మీద తెల్ల పెయింటుతో తేదీ వేస్తాను. పెట్టాక ప్లస్ ముందు, మైనస్ ఆఖరున. పాతవి రెండూ నేనే పట్టుకెళ్ళి తీసుకునేవాళ్ళకి అప్పజెప్తాను, చెత్తలో వెయ్యను.”

“రెండూ ఒకేసారి ఎందుకు మారుస్తావు? ఒకటే పాడైతే ఒకటే వేస్తే పోదా?”

“అదెలా కుదురుతుంది సార్! ఒకే కాడికి కోడెని ఒక పక్క, ముసలెద్దుని ఒక పక్క కట్టినట్టు. ముసలిది నడవలేదు, కోడె దాన్ని ఈడుస్తుంది. చార్జి పెట్టినప్పుడల్లా పాతది వేడెక్కుతుంది. అందుకే జోడీగా వెయ్యాలి, ఒకే రకం, ఒకే తేదీవి. ఒకటి మార్చమంటే నేను పనే ఒప్పుకోను.”

“విన్నారా?” అన్నాడు నిదానం.

“దొంగ కూడా దొంగతనం తప్పనే చెప్తాడు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“బిగించాక ఏం చేస్తావు?” నిదానం మళ్ళీ ఆవిడ వైపు తిరిగాడు.

“గోళ్ళరంగు పూస్తాను.”

ఇన్‌స్పెక్టర్ పకపకా నవ్వాడు. “చూశారా! మెకానిక్కు పనికొచ్చి అలంకారాలు!”

“నా గోళ్ళకి కాదు సార్, నట్టుకి.” ఆవిడ మొహం ఎర్రబడింది. “నాలుగు నట్లూ బిగించాక ఒక్కోదాని మీద నుంచి కింద టెర్మినల్ మీదకి ఒక ఎర్ర గీత గీస్తాను. ఆరితే గట్టిపడుతుంది. ఆర్నెల్ల తరవాత మూత తీసినా, గీత అతుక్కుని ఉంటే నట్టు కదల్లేదని తెలిసిపోతుంది. ఈ మాట నిన్న చెప్పబోయాను. వినేవాళ్ళేరీ?”

నిదానం లేచి తన జేబులోని టార్చి తీసి ఇన్‌స్పెక్టర్ చేతికిచ్చాడు.

“నేను ముట్టుకోను సార్. మీరే వెలుతురు పట్టండి. మీరే చూడండి. నేను పక్కన నిలబడి ఆవులిస్తాను.”

ఇన్‌స్పెక్టర్ విసుక్కుంటూనే వంగాడు. కుర్చీ సీటు కింద లోతైన పెట్టె. కుడి వైపు బ్యాటరీ మసిబట్టినా ఆకారం మిగిలే ఉంది. పై భాగాన తెల్ల పెయింటుతో సోమవారం తేదీ. ఎడమ వైపుది ఉబ్బి పక్కలు పగిలి ఉంది. దాని మీద తేదీ లేదు.

“కుడి దాన్ని రెండోదానితో కలిపే నట్టు చూడండి. ఎర్ర గీత ఉందా?”

“ఉంది.”

“అతుక్కుని ఉందా?”

ఇన్‌స్పెక్టర్ టార్చి ఇంకా దగ్గరగా పట్టాడు. “లేదు. నట్టు మీది ముక్క ఇటుంది, కింది ముక్క అటుంది. తెగింది. అంటే నేనన్నదే కదా! ఈవిడ వదులుగా బిగించింది, కుర్చీ కుదుపులకి నట్టు తిరిగింది.”

“నట్టు తిప్పి చూడండి. వదులుగా ఉందా?”

గ్లవుజు వేసుకున్న రెండు వేళ్ళతో ఇన్‌స్పెక్టర్ తిప్పబోయాడు. తిరగలేదు. ఇంకొంచెం బలం పెట్టాడు. మొహం ఎర్రబడింది గానీ నట్టు కదల్లేదు.

“బిగుతుగా ఉంది.”

“వదులై గీత తెగితే నట్టు వదులుగానే ఉండాలి కదా సార్. ఇది బిగుతుగానూ ఉంది, గీత తెగీ ఉంది. అంటే ఆవిడ బిగించి గీత గీశాక, అది ఆరాక, ఇంకెవరో విప్పి మళ్ళీ బిగించారు. ఇక రెండో బ్యాటరీ మీద ఎర్రరంగు చుక్కయినా ఉందా?”

“లేదు.”

“అది ఆవిడ చెయ్యి పడని బ్యాటరీ. ఆవిడ వేసిన రెండోది ఎక్కడో క్షేమంగా ఉండి ఉండాలి.”

బ్యాటరీ అక్క రెండు చేతుల్లో మొహం దాచుకుంది. ఏడుస్తోందో, ఊపిరి పీల్చుకుంటోందో తెలియలేదు. బహుశా రెండూనేమో.

మెరుపు అంత తేలిగ్గా ఆరేది కాదు. “ఆవిడే మళ్ళీ వచ్చి కొత్తది ఎత్తుకుపోయి ఉండొచ్చు. ఇంకొకరికి అమ్ముకోవచ్చు కదా.”

“ఎప్పుడొచ్చి ఉంటుందంటారు?”

“ఎప్పుడో.”

“‘ఎప్పుడో’ అన్న టైము ఏ గడియారంలోనూ లేదురా అబ్బాయీ!” అని లోపల్నుంచి కేక వినిపించింది.

లెక్కల మాష్టారు. చేత్తో తోసే మామూలు కుర్చీలో, మెళ్ళోంచి వేలాడదీసిన కట్టులో ఎడమ చెయ్యి, మొహాన ఎక్కడలేని హుషారు. ఆ సముదాయం బాగోగులు చూసే కేర్‌టేకర్ వెనక నుంచి తోసుకొస్తున్నాడు. ముప్పయ్యెనిమిదేళ్ళుంటాయి, బక్కమనిషి, ఉక్కగా ఉన్నా పొడుగు చేతుల చొక్కాకి గుండీలన్నీ పెట్టుకున్నాడు.

“మాష్టారూ, ఎలా ఉంది చెయ్యి?”

“చెయ్యి ఎడమది. సుద్దముక్క పట్టేది కుడిది. కాబట్టి లోకానికి నష్టమేం లేదు. నువ్వు మొదటి మెట్టు దాటావా లేదా?”

“ఇప్పుడే దాటానండి. రెండో మెట్టు మీ దగ్గరుంది.”

మాష్టారు ఒళ్ళో ఉన్న చిన్న పుస్తకం తెరిచారు. ఆయనకి రోజంతా రాసుకోవడం అలవాటు. ఎండ ఎంత, గాలి ఎటు, కుర్చీ చేతి దగ్గర చార్జి చూపే పచ్చ దీపాలు ఎన్ని వెలుగుతున్నాయి, అన్నీ.

“సోమవారం నాలుగూ పదిహేనుకి అయిదు దీపాలూ వెలుగుతున్నాయి. ఆరింటికి నన్ను మంచం మీదకి మార్చారు, కాళ్ళకి వ్యాయామం చేయించే ఆయన వచ్చాడు. అప్పటికీ అయిదే. ఏడింటికి మళ్ళీ కుర్చీలో కూర్చుంటే మూడే ఉన్నాయి. గంటసేపు కదలకుండా నిలబడ్డ కుర్చీకి రెండు దీపాలు ఎందుకు తగ్గాలిరా? కొత్త బ్యాటరీ కదా, రాత్రి చార్జి పెడితే సరిపోతుందనుకుని ఊరుకున్నాను. తెల్లవారాక కూడా నాలుగే వెలిగాయి. అప్పుడైనా అక్కకి ఫోను చెయ్యాల్సింది. పప్పులో కాలేశాను.”

“ఆ గంటా కుర్చీ ఎక్కడుంది?”

“ఇదిగో, ఈ వరండాలోనే.”

“అప్పుడు అక్క ఎక్కడుంది?” నిదానం ఇన్‌స్పెక్టర్ని అడిగాడు. “మీ కాగితంలో రాసే ఉంటుంది.”

రాసే ఉంది. సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా ఆసుపత్రిలో మూడు కుర్చీలు బాగుచేస్తూ ఉంది. చూసినవాళ్ళ సంతకాలు తొమ్మిది. ఇన్‌స్పెక్టర్ ఆ కాగితాన్ని చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివాడు. ఉరుము ఉరిమి మంగళం మీద పడిందని ఆయనకి అర్థమవుతూనే ఉంది. ఒప్పుకోవడానికే నోరు రావడం లేదు.

“టార్చి ఇంకోసారి పడతారా సార్? పెట్టె అడుగున, ఎడమ మూల. అక్కడేదో మెరుస్తోంది. వచ్చినప్పటి నుంచీ నేను చూస్తున్నది అదే.”

ఇన్‌స్పెక్టర్ ఈసారి విసుక్కోలేదు. చిమటాతో పైకి తీశాడు. గోరంత స్టీలు ముక్క. ఒక కొస చక్కగా ఉంది, రెండో కొస కరిగి పూసలా గడ్డకట్టింది.

“వాచీ గొలుసు లంకె,” అన్నాడు నిదానం. “అక్కది ఏ వాచీ? మీరు పట్టుకున్న వస్తువుల పట్టీలో చూడండి.”

“గుడ్డ పట్టీ వాచీ ఒకటి,” ఇన్‌స్పెక్టర్ చదివాడు. గొంతు తగ్గింది.

“స్టీలు గొలుసు పెట్టుకుని బ్యాటరీల మధ్య చెయ్యి పెట్టారా!” బ్యాటరీ అక్క ఉలిక్కిపడి లేచింది. “ఈ టెర్మినల్ నుంచి ఆ టెర్మినల్‌కి గొలుసు తగిలితే కరెంటంతా దాని లోంచే పోతుంది. కొలిమిలో పెట్టినట్టు ఎర్రబడుతుంది. కుర్చీలో దీపాలు తగ్గిందీ కొంత అందుకే. పాపం, చెయ్యి ఏమైపోయిందో!”

నిదానం చిమటాలో ఉన్న ఆ ముక్కనే వంగి చూస్తూ, ఏమీ పట్టనట్టు కేర్‌టేకర్ని అడిగాడు.

“టైమెంతయింది బాబూ?”

కేర్‌టేకర్ ఎడమ చెయ్యి అలవాటుగా పైకి లేచింది. సగంలో ఆగిపోయింది. కుడి చెయ్యి వచ్చి చొక్కా చేతి గుండీని గట్టిగా పట్టుకుంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటారు. ఇక్కడ ఎవరూ దొంగ అని కూడా అనలేదు.

“ఫోన్లో చూస్తాను సార్,” అన్నాడు.

“వద్దులే. బాగా నొప్పిగా ఉందా?”

ఆ ఒక్క మాటకి మనిషి నీరుగారిపోయాడు. గద్దించి ఉంటే ఇంకో గంట నిలబడేవాడేమో. అక్కడే కింద చతికిలబడి చొక్కా చెయ్యి పైకి లాగాడు. మణికట్టు చుట్టూ గొలుసు లంకెల వరసే అచ్చయినట్టు బొబ్బలు. వాటిలో రెండు పగిలి చీము పట్టాయి.

“రెండు రోజులుగా మందు వెయ్యలేదా నువ్వు!” అన్నది బ్యాటరీ అక్క. నిన్నట్నుంచి తన మెడకి చుట్టుకున్న నింద ఎవరిదో ఆ క్షణానే తెలిసింది ఆవిడకి. అయినా నోట వచ్చిన మొదటి మాట అదే. నిదానం ఆ మాటని చాలా రోజులు గుర్తుంచుకున్నాడు.

“మా అమ్మ కోసం సార్,” అన్నాడు కేర్‌టేకర్. “అమ్మకీ మోటారు కుర్చీ ఉంది. ఎవరో వాడి వదిలేసింది. రెండు వారాలుగా ఆగిపోయింది. అమ్మ మంచం మీదే. కిటికీ దాకా తీసుకెళ్ళరా అని రోజూ అడుగుతుంది. మాష్టారి కుర్చీలో రెండు కొత్తవి వేశారు కదా, ఒకటి తీసుకుంటే మిగతాదానితో సగం జోరుగానైనా నడుస్తుందనుకున్నాను. ఉత్తగా తియ్యలేక మా పాతదాన్ని ఒకటి పెట్టాను. మాష్టారు పడిపోతారని ఒట్టు, కలలో కూడా అనుకోలేదు. నిన్నట్నుంచి ముద్ద దిగడం లేదు.”

మాష్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. “అడిగితే ఇవ్వనా రా? రోజూ నన్ను తోసేవాడివి. ఒక్క మాట అడగలేకపోయావా?”

“భయమేసింది మాష్టారూ.”

ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకున్నాడు. కేసు ఇరవై నాలుగు గంటల్లోనే తేలింది, కానీ తను తేల్చినట్టు కాదు. “మెకానిక్‌ని వదిలేస్తున్నాం,” అన్నాడు గోడకేసి చూస్తూ. బల్ల దగ్గరికి వెళ్ళి పెట్టె మీది లక్క ముద్ర తనే పగలగొట్టాడు. “క్షమాపణ” అన్నది ఏదో నోట్లోనే నలిగింది. బ్యాటరీ అక్క వినిపించుకుంది, చాలనుకుంది. పెట్టె తెరిచి ఒక్కో పనిముట్టునీ పేరు పిలిచినంత ఆప్యాయంగా తడిమి చూసుకుంది. నిదానానికి కడుపు నిండినట్టనిపించింది. ఇంటికెళ్ళి కాళ్ళు చాపుకుని మధ్యాహ్నమంతా నిద్రపోవచ్చు.

“అయితే అమ్మ కుర్చీ నడుస్తోందా?” అని అడిగింది ఆవిడ, పెట్టె మూత వేస్తూ, మాటవరసకి.

“ఇంకా లేదక్కా. మా చార్జరు ఎప్పుడో కాలిపోయింది. ఇవాళ పొద్దున్నే వేరేది దొరికింది. పెట్టి వచ్చాను.”

ఆవిడ చెయ్యి మూత మీదే ఆగింది. “వేరేదంటే? ఏ చార్జరు?”

“పెద్దది అక్కా. లారీ బ్యాటరీలకి పెడతారు కదా, ఎర్ర క్లిప్పు, నల్ల క్లిప్పు ఉంటాయి.”

“నిండగానే దానంతటదే ఆగుతుందా?”

“అదేం తెలీదు. తొందరగా ఎక్కుతుందని మీట పైకంతా తిప్పాను.”

“ఒకటి కొత్తది, ఒకటి పాతది. వాటికి లారీ చార్జరు. ఎన్నింటికి పెట్టావు?”

“ఎనిమిదికి.”

నిదానం గోడ గడియారం చూశాడు. పదకొండూ ఇరవై అయిదు.

“గది కిటికీలు?” ఆవిడ గొంతులో ఇప్పుడు తొందర ఉంది.

“మూశానక్కా. దుమ్మొస్తుందని.”

“అమ్మ ఎక్కడుంది?”

“కుర్చీలోనే కూర్చోబెట్టి వచ్చాను. రెండు వారాల తరవాత కుర్చీ ఎక్కానని ఎంత మురిసిపోయిందో. బయట తాళం వేశాను.”

బ్యాటరీ అక్క పెట్టె ఎత్తుకుని మెట్లు దిగేసింది. నిదానం జీవితంలో మొదటిసారి ఇన్‌స్పెక్టర్ కంటే ముందు గేటు దాటాడు.

రెండు వీధుల అవతల, కుట్టు మిషన్ల దుకాణం వెనక ఒంటి గది. జీపు ఆగకముందే ఆవిడ దూకింది.

“ఇంజను ఆపండి. ఫోన్లు జీపులోనే వదిలెయ్యండి. లోపల ఎవరూ స్విచ్చి వెయ్యకూడదు, తియ్యకూడదు. గదంతా బ్యాటరీ గ్యాసు నిండి ఉంటుంది, చిన్న నిప్పురవ్వ చాలు.”

తలుపు సందులోంచి కుళ్ళిన గుడ్డు వాసన. లోపల ఏదో సన్నగా కుతకుతమంటోంది.

“సార్, మీటరు బోర్డు బయట గోడకుంది. మెయిను కిందికి లాగండి.”

ఇన్‌స్పెక్టర్ మారుమాట లేకుండా లాగాడు. కేర్‌టేకర్ కంగారులో తాళంచెవి రెండుసార్లు జారవిడిచాడు. నిదానం అందుకుని తిప్పాడు. గదిలో వేడి మొహాన కొట్టింది.

“ఎవరర్రా?” అన్నదొక ముసలి గొంతు, ఎంతో తృప్తిగా. “కరెంటు పోయినట్టుంది. పోతే పోయిందిలే. ఇవాళ కుర్చీ ఎంత వెచ్చగా ఉందో! నడుముకి కాపడం పెట్టినట్టుంది.”

ఇన్‌స్పెక్టర్ రెండు అంగల్లో వెళ్ళి ఆవిడని పసిపిల్లలా ఎత్తుకుని బయటికి తెచ్చేశాడు. ఆ వేగం ఆ రోజు అక్కరకొచ్చింది. బ్యాటరీ అక్క కిటికీలు బార్లా తెరిచి, గాలి ఆడేదాకా గుమ్మం బయటే నిలబడింది. తరవాత కళ్ళకి అద్దాలు, చేతులకి దళసరి గ్లవుజులు వేసుకుని లోపలికెళ్ళింది. ఒక్కో క్లిప్పునీ విప్పి, చార్జరుని ఈడ్చి బయట పెట్టింది. కుర్చీ కింద తన తెల్ల తేదీ ఉన్న బ్యాటరీ పక్కలు పొంగి ఉన్నాయి.

“ఇంకో అరగంట ఆలస్యమైతే...” అని ఆగి, గోడకి చేరగిలబడింది. “అలా చల్లారనివ్వండి. సాయంత్రం దాకా దాని దగ్గరికి ఎవరూ పోకూడదు.”

కేర్‌టేకర్ తల్లి కాళ్ళ దగ్గర కూలబడి వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. విషయమేమిటో తెలియని ఆ తల్లి వాడి తల నిమురుతూ, వీధిలోకి వచ్చిన ఎండని చూసుకుంటోంది. రెండు వారాల తరవాత ఆకాశం కనిపించింది ఆవిడకి. నిదానం ఆ దృశ్యం చూస్తూ కాసేపు సుఖంగా నిలబడ్డాడు. తరవాత అలవాటు కొద్దీ చార్జరు చుట్టూ ఒకసారి తిరిగాడు. వెనక రేకు మీద పసుప్పచ్చ పెయింటుతో ఒక అంకె వేసి ఉంది. పన్నెండు.

“ఇది ఎక్కడ దొరికింది బాబూ?”

“ఆసుపత్రి గేటు దగ్గర ఒకాయన అద్దెకిస్తాడు సార్. మోటారు కుర్చీలకి చక్కగా పనిచేస్తుందన్నాడు. మొత్తం పన్నెండున్నాయట. ఇవాళ ఇదొక్కటే మిగిలింది.”

“మిగతా పదకొండూ?”

“అన్నీ బయటే ఉన్నాయన్నాడు. కుర్చీలవాళ్ళ ఇళ్ళల్లోనే.”

ఇన్‌స్పెక్టర్ అప్పటికే జీపులో రేడియో అందుకున్నాడు. బటను నొక్కి, ఏం చెప్పాలో తెలియక ఆగిపోయాడు. ఏ ఇళ్ళు? ఏ వీధులు? వెనక్కి తిరిగి బ్యాటరీ అక్కని చూశాడు.

ఆవిడ కళ్ళు మూసుకుని వేళ్ళు మడుస్తోంది. “ఈ నెలలో చార్జరు పాడైందని ఫోను చేసి, మళ్ళీ వేరేది దొరికింది రావద్దన్నవాళ్ళు... నాకు తెలిసి తొమ్మిది మంది. ఇంకో ఇద్దరెవరో గుర్తు చేసుకోవాలి. ఇళ్ళన్నీ నాకు తెలుసు.”

“చెప్పండమ్మా,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “మీరు చెప్పిందే నేను చెప్తాను. మొదట ఎవరిల్లు?”

“పాత నీళ్ళ ట్యాంకు వీధిలో తాతగారిది.” ఆవిడ పెట్టె పట్టుకుని జీపులో ఎక్కేసింది. “పడగ్గదిలో పెట్టుకుంటారు చార్జరు. దగ్గొస్తుందని కిటికీలు తెరవరు. మంచం పక్కన ఆక్సిజన్ సిలిండరు ఉంటుంది. పోనివ్వండి సార్, పోనివ్వండి!”